ఎవరి గొంతుకి ఎవరి పెదవి

కృష్ణానగర్,
జూన్ 8.

ఫిలో అక్కకి,

ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. యూసుఫ్‌గూడలో పోస్టాఫీసు ఎక్కడుందో మొన్నే తెలిసింది. కవరు అడిగితే కౌంటర్లో ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఎగ్జామ్ అప్లికేషనా?" అంది. ఉత్తరానికి అన్నాను. ఇంకోసారి చూసింది.

సిస్టర్లయ్యేముందు ఈ నోవిషియేట్ ఏడాదంతా ఫోన్ ముట్టకూడదని మీ మఠం పెట్టిన నియమం మీద నాకేమీ కోపం లేదు. నా కోపమంతా ఒక్క మనిషికే సరిపోతోంది, పంచడానికి మిగలడం లేదు.

ఆ మనిషి ఇంటికే వెళ్తున్నాను. వరప్రసాద్ ఇంటికి. మా యూట్యూబ్ ఛానల్ వాళ్ళు తెర వెనక పనిచేసేవాళ్ళ ఇంటర్వ్యూలు మొదలుపెట్టారు. డబ్బింగ్ ఇన్‌చార్జ్ ఎవరైనా ఉంటే చెప్పమన్నారు. చెప్పాను. ప్రశ్నలు అడిగేది కూడా నేనే. నేను నీ పిన్ని కూతురినని ఆయనకి తెలియదు. మనలాంటివాళ్ళకి చుట్టాలుంటారని ఆయనకి ఎప్పుడూ తోచి ఉండదు.

నువ్వు మర్చిపోయినట్టు నటిస్తావని తెలుసు కాబట్టి మొత్తం మళ్ళీ రాస్తున్నాను. ముంబై నుంచి వచ్చిన ఆ హీరోయిన్‌కి సినిమా అంతా గొంతు ఇచ్చింది నువ్వు. జలుబుతో. "వెళ్తే వెళ్ళండి. తలుపు మాత్రం దగ్గరికేసి వెళ్ళండి" అన్న ముక్క నీ ముక్కుదిబ్బడతో సహా ఊరూరా ఫోన్లలో మోగింది. తెర మీద పడిన పేరు ఆయన కోడలు మంజులతది. అవార్డు మంజులతది. నువ్వు అడగడానికి వెళ్తే స్టూడియోలో అందరి ముందూ "నువ్వు పైలట్ చెప్పిన పిల్లవి కదమ్మా" అన్నాడు. పైలట్ అంటే కొలత కోసం చెప్పించి, అసలు గొంతు వచ్చాక చెరిపేసేది. డబ్బు గుంజడానికి వచ్చావని ప్రచారం చేశాడు. ఆ తర్వాత ఏ డబ్బింగ్ థియేటర్లోనూ నీకు పని లేదు. ఆ ఏడాది తిరక్కుండానే మఠానికి వెళ్ళిపోయావు. దేవుడు పిలిచాడంటావు. పిలిచాడేమో. వెనక నుంచి తోసిందెవరో నాకు తెలుసు.

నా ఉపాయం చిన్నది. సినిమావాళ్ళు "కట్" అనేదాకా ఒక మనిషి, అన్నాక ఇంకో మనిషి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ మాట వింటే వాళ్ళ భుజాలు వాటంతటవే దిగిపోతాయి. నేను కట్ అంటాను. కెమెరా ఆగుతుంది. మాట మాత్రం విడిగా ఫోన్‌లో రికార్డవుతుంది, కాలర్ మైకు గుచ్చి. ఆ ఫోన్ ఆగదు.

నాకు కావలసింది ఒక్కటే. ఆ గొంతు నీదని ఆయన తన నోటితో చెప్పాలి. పదిమందీ వినాలి. తర్వాత ఆయన ఏమైపోయినా నాకు అక్కర్లేదు. అబద్ధం. కావాలి. దగ్గరుండి చూడాలి.

నీ
స్టెఫీ


మఠం, నూజివీడు దగ్గర,
జూన్ 17.

స్టెఫీకి,

నీకు శాంతి.

ఇక్కడ బెండ తోట కాపుకి వచ్చింది. ఈ వారం గుడి తుడిచే వంతు నాది. భోజనాల వేళ పునీతుల చరిత్రలు పైకి చదివే పని కూడా నాకే ఇచ్చారు. మిగిలినవాళ్ళు చదువుతుంటే పప్పు చల్లారిపోతోందట.

ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను. ఇక్కడికి వచ్చేవీ ఇక్కణ్ణించి వెళ్ళేవీ ఉత్తరాలన్నీ సిస్టర్ గ్రేసమ్మ చదువుతారు. మా శిక్షణ చూసేది ఆవిడే. నీ ఉత్తరంలో వరప్రసాద్ గారి ప్రచారం సంగతి వచ్చిన చోట, ఆవిడ వేలు పెట్టి "నిజంగా అన్నాడా?" అని అడిగారు. అన్నాడన్నాను.

నువ్వు చేయబోయేది వద్దు. ఆయన్ని నేను క్షమించాను. రోజూ జపమాలలో ఒక పది ఆయన పేరు మీద చెప్తున్నాను. మొదట్లో పేరు దగ్గర నాలుక తడబడేది. ఇప్పుడు లేదు. ఇంతదూరం వచ్చాక నువ్వు వెనక నుంచి కొంగు పట్టుకుని లాగకు.

నా మాట వినకుండా వెళ్తావని కూడా తెలుసు. వెళ్ళొద్దు. వెళ్తే మాత్రం ఆయన దగ్గర నా పేరు నువ్వుగా ఎత్తకు. అన్యాయం, మోసం, అలాంటి మాటలు వాడితే బిగుసుకుపోతాడు. పరాయి మొహానికి గొంతుని ఎలా కుదురుస్తారని అడుగు. ఆ గొప్ప చెప్పుకోకుండా ఉండలేడు. మైకు కాలర్‌కి కాదు, లోపల రెండో గుండీ దగ్గర పెట్టు. మాట్లాడేటప్పుడు గడ్డం కిందికి దించుకుంటాడు.

వెళ్ళొద్దు.

ప్రేమతో,
ఫిలోమినా


ఫిల్మ్‌నగర్, టీ కొట్టు దగ్గర,
జూలై 3.

అక్కా,

చెప్పాడు.

కాగితం మోకాలి మీద ఉంది, రాత చూసి నవ్వుకోకు. గదికెళ్ళి తలుపేసుకుని రికార్డు వినాలి. ఈ గోలలో వినబుద్ధి కావడం లేదు. అందాకా ఆగలేక ఇక్కడే రాస్తున్నాను.

జూబ్లీహిల్స్‌లో ఆయన ఇల్లు ఎత్తు మీద ఉంది. వాచ్‌మన్ మా బండిని లోపలికి రానియ్యలేదు. "గాడ పెట్టుండ్రి" అని రోడ్డు చూపించాడు. నేనూ మా కెమెరామన్ క్రాంతికుమార్ సామాను మోసుకుంటూ ఎక్కాం. హాలంతా షీల్డులే. మంజులత అవార్డుకి విడిగా ఒక గాజు అర, దానికి లైటు. కాసేపు దాని ముందు నిలబడ్డాను. అద్దంలో నా మొహం దాని మీద పడింది.

వైర్‌లెస్ మైకులు ఇంకో షూటింగ్‌కి పోయాయి. క్రాంతికుమార్ కెమెరా సంచిలోంచి వైరున్న కాలర్ మైకు తీసిచ్చాడు. నువ్వు చెప్పినట్టే రెండో గుండీ దగ్గర పెట్టాను. హాలుకీ భోజనాల గదికీ మధ్య చెక్క జాలీ ఉంది. వైరు దాని సందులోంచి అవతలికి పంపి, నా ఫోన్‌కి గుచ్చి, భోజనాల బల్ల మీద పెట్టేశాను. ఫోన్ ఎదురుగా లేకపోతే అది ఆగిందో లేదో ఎవరూ చూడరు కదా. తెర మీద ఆకుపచ్చ గీత ఎగురుతోంది. చూసుకునే వచ్చాను.

ఇంటర్వ్యూలో ఆయన దేవుడు. క్రమశిక్షణ, భాష, గురువులు. అంతా అయ్యాక "కట్. థాంక్యూ సర్" అన్నాను. నిజంగానే భుజాలు దిగిపోయాయి అక్కా. కాళ్ళు బల్ల మీదికి వచ్చాయి. మైకు తీయబోతుంటే, ఉండండి సర్, నేను తీస్తానుగా అని కాఫీ కప్పు చేతికిచ్చాను.

"గొంతుని మొహానికి ఎలా కుదురుస్తారు సర్? ఆ తలుపు డైలాగుకి మంజులత గారు జలుబు తెచ్చుకుని మరీ చెప్పారా?"

నవ్వాడు. "ఏం జలుబమ్మాయ్. మైకు ముందు నిలబడితే మా కోడలికి నోట్లో తడారిపోతుంది. అది కృష్ణానగర్ పిల్లెవరిదో. ఆ ముక్కుగొంతు ఆ మొహానికి అతుకుతుందని కనిపెట్టింది నేను. అదీ పనితనమంటే. గొంతులు వీధికొకటి దొరుకుతాయి. పేరు నిలబెట్టుకునే కుటుంబం దొరకదు."

"పాపం, ఆ అమ్మాయి ఇప్పుడేం చేస్తోంది సర్?"

"మఠంలో చేరిందట. మంచిదేగా. అక్కడ మాట్లాడే పని ఉండదు."

కాఫీ చాలా బాగుంది, ఇంకోటి తెమ్మన్నాడు.

సిస్టర్ గ్రేసమ్మ గారూ, ఇక్కణ్ణించి ఒక పేరా మీరు వదిలేయండి. అక్కా, ఆ కప్పు ఆయన నెత్తిన బోర్లించకుండా నా చేతుల్ని ఒళ్ళో ఒకదాని కింద ఒకటి పెట్టుకుని కూర్చున్నాను. అలా మనం చిన్నప్పుడు పూజలో నవ్వు ఆపుకునేవాళ్ళం.

ఇప్పుడు గదిలో ఉన్నాను. విన్నాను.

ఆయన మాట లేదు. ఉంది, కానీ పక్కింట్లో టీవీ మోగుతున్నట్టు. ఒక్క ముక్క అర్థం కాదు. క్రాంతికుమార్‌కి ఫోన్ చేస్తే ఆ పిన్ను మీద నల్లగీతలు ఎన్నున్నాయో చూడమన్నాడు. రెండు. "అరె, గది కెమెరాకు పెట్టేది. ఫోన్‌కైతే మూడు గీతలుండాలె. గుచ్చినా ఫోన్ దాన్ని గుర్తువట్టది. తన సొంత మైకుతోనే రికార్డ్ చేస్కుంటది. నేను సోయి లేకుంట కెమెరా సంచిల చెయ్యి వెట్టిన, ఏమనుకోకు." ఏమీ అనుకోలేదు. ఫోన్ గోడకేసి కొట్టబోయి, అందులో ఇంకేదో వినిపిస్తుంటే ఆగాను. నేను చూసుకున్న ఆకుపచ్చ గీత ఎగిరింది భోజనాల గదిలో చప్పుళ్ళకి.

అక్కడ మంజులత ఉంది. వాళ్ళమ్మతో ఫోన్‌లో మాట్లాడుతోంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"మెల్లగా మాట్లాడమ్మా, ఇంటర్వ్యూ అవుతోంది. ఆఁ, వచ్చే నెల ఫిల్మ్‌నగర్‌లో సభ. రెండో భాగం మొదలుపెడుతున్నారు. నాకు శాలువా కప్పుతారట. ఆ ముక్క చెప్పమంటారు మరి, ఎక్కడికెళ్ళినా అదే కదా అడుగుతారు. నేనెందుకు చెప్తాను, ఆ రికార్డే వేస్తారు. మామయ్య సౌండతనికి ముందే పంపిస్తారు. నా మైకు ఆపేసి ఉంటుంది, పెదాలు కదిపితే చాలు. విజయవాడలో అలాగే చేశాం కదా, ఎవరు కనిపెట్టారు? మొదట్లో భయమేసేది గానీ ఇప్పుడు అద్దం ముందు చేసుకుంటుంటే నా గొంతేనేమో అనిపిస్తోందమ్మా."

ఆవిడ నవ్వు కూడా ఉంది. మంచి నవ్వు.

ఒక్కటి అర్థం కాలేదు. ఏ రికార్డు? సినిమాలో ముక్క వేస్తే వెనక వానా సంగీతమూ వినపడి దొరికిపోతారు. ఉత్త గొంతు వాళ్ళ దగ్గర ఎక్కడిది?

స్టెఫీ


మఠం,
జూలై 12.

స్టెఫీ,

"అక్కడ మాట్లాడే పని ఉండదు" అన్నాడని రాశావు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. మూడోసారి అక్కర్లేకపోయింది, నోటికి వచ్చేసింది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. సినిమా విడుదల కాకముందు మంజులత మన గదికి వచ్చింది. నువ్వు కాలేజీలో ఉన్నావు. చాప మీద కూర్చుంది. నేను వండిన గోంగూర రెండోసారి వడ్డించుకుంది. మామయ్యకి తెలియకుండా వచ్చానక్కా అంది. నన్ను అక్కా అంది. ఆ ముక్క నాకు నేర్పు, డబ్బింగ్ వాళ్ళింటి కోడలివై ఒక్క ముక్క చెప్పలేవా అని ఆడపడుచులు ఆటపట్టిస్తున్నారు, ఒక్కసారి చెప్పి చూపించాలి అని బతిమాలింది. మూడు సాయంత్రాలు నేర్పాను. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆవిడ పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించాను. రాలేదు. "నువ్వు చెప్పక్కా, రికార్డ్ చేసుకుని సాధన చేస్తాను" అని తన ఫోన్‌కి చిన్న మైకు గుచ్చి నా చున్నీకి పెట్టింది. పక్కింట్లో కుక్కర్ కూత వేస్తే, అది ఆగేదాకా ఓపిగ్గా కూర్చుంది కూడా. ఉత్త గొంతు ఎందుకు కావాలో నేను అడగలేదు.

అదే ఆ రికార్డు. నా గొంతుకి పెదాలు కదుపుతోందన్నమాట, ఊరూరా తిరిగి, శాలువాలు కప్పించుకుని.

ఆయన పని నాకు అర్థమవుతుంది స్టెఫీ. ఆయన మొదటినుంచీ దొంగే, దొంగలాగే ఉన్నాడు. ఈవిడ నా కంచంలో అన్నం తిన్నది. జపమాలలో ఆ పది ఆయన పేరు మీద చెప్పాను గానీ ఈవిడ పేరు ఎప్పుడూ తలవలేదని ఇవాళ గమనించాను. మర్చిపోయి కాదు.

సభ ఏ తారీఖున? సౌండ్ ఎవరు పెడుతున్నారు? ఆయన చేతిలో మైకు ఉంటుందా? కనుక్కుని రాయి.

సిస్టర్ గ్రేసమ్మ ఈ ఉత్తరం చదివారు. కవరు ఆవిడే అంటించారు.

ఫిలోమినా


కృష్ణానగర్,
జూలై 19.

అక్కా,

నీ మీద కోపంగా ఉంది, ముందు అది కానియ్యి. మూడు సాయంత్రాలు. మన చాప మీద. రెండేళ్ళు ఒకే గదిలో పడుకుని నాకు ఒక్క మాట చెప్పలేదు. మీరిద్దరూ పైటలు మార్చుకోలేదా, గాజులు పంచుకోలేదా? నేను చచ్చినట్టు ఆ ముసలాడి మీద పళ్ళు నూరుకుంటుంటే నువ్వు అవతల ఈవిడని లోపల దాచుకుని కూర్చున్నావు. మఠానికి వెళ్ళింది క్షమించడానికి కాదు, దాచుకోవడానికి. సరే. అయిపోయింది.

సభ ఆగస్టు మూడో శనివారం, ఫిల్మ్‌నగర్‌లో. సౌండ్ పెట్టేది ఎవరనుకున్నావు, మన పై వాటాలో ఉండే అరవింద్. బనియన్ మీద మెట్ల మీద కూర్చుని కీబోర్డు వాయించేవాడే. నీ సంగతి చెప్పి, వాళ్ళ రికార్డు బదులు ఇంకోటి వెయ్యాలన్నాను. టీ తాగినంతసేపు ఆలోచించాడు. "రెండు ఫైళ్ళొస్తయ్. పేరొక్కటే ఉండాలె. నేను ఆఖరిది వదుల్త. అడిగితే తప్పయింది సార్ అంట. సభల్ల తప్పులు కాకుంటనే ఆశ్చర్యపోతరు." అని, తర్వాత, "గీ పని పోతే ఇంకోటి దొర్కుతది గానీ గిట్లాంటి రోజు దొర్కది" అన్నాడు.

కొత్తది చెప్పడానికి నువ్వు కావాలి. నెలాఖరు ఆదివారం మీ మఠానికి చుట్టాలు రావచ్చు కదా, అప్పుడు వస్తాను. మైకు కొన్నాను. మూడు గీతలు. ఈసారి గీతలు లెక్కపెట్టి ఊరుకోలేదు. పెట్టుకుని గోటితో గీరాను, రికార్డులో గీరుడు పెద్దగా వినిపించింది. ఫోన్ మీద గీరితే ఏమీ లేదు. అంటే మైకే వింటోంది.

డైలాగు అయ్యాక ఏమనాలో కూడా రాసిపెట్టాను. రెండు పేజీలు వచ్చింది. ఆయన దొంగ అని మొదలవుతుంది, మంజులత గోంగూర దగ్గర ముగుస్తుంది. మధ్యలో చాలా ఉంది.

స్టెఫీ


మఠం,
జూలై 24.

స్టెఫీ,

ఆ రెండు పేజీలు తేవద్దు. తిడితే జనం తిట్టినవాళ్ళని చూస్తారు. వాళ్ళ కళ్ళు మంజులత పెదవుల మీద నుంచి కదలకూడదు.

ఆ సీను నేను చెప్పినప్పుడు ఇంకా పొడుగు. తలుపు ముక్క తర్వాత మరో రెండు వాక్యాలు ఉండేవి. ఎడిటింగ్‌లో తీసేశారు. మంజులతకి నేర్పింది తెర మీద ఉన్నంతే. నేను ఆగకుండా ముందుకి వెళ్తాను. అంతే చాలు. ఇంకో చిన్న పని కూడా చేస్తాను, అది అక్కడ చూద్దువుగాని.

నాకిప్పుడు జలుబు లేదు. మూడు రోజులుగా పొద్దున్నే తలస్నానం చేసి తడిజుట్టుతో పూజకి వెళ్తున్నాను. నిన్నటి నుంచి ముక్కు బిగిసింది.

ఫిలోమినా

స్టెఫీ అమ్మాయికి: ఆదివారం మధ్యాహ్నం బట్టల గది ఖాళీగా ఉంటుంది. చుట్టూ దుప్పట్లు కాబట్టి శబ్దం మోగదు. వెనకే కోళ్ళ గూడు ఉంది, వాటిని నేను ముందుగా తోటవైపు తోలిస్తాను. ఈ పిల్లకి పూటపూటా మిరియాల కషాయం ఇస్తున్నాను, ఎందుకు తగ్గడం లేదో ఇప్పుడు చదివాక తెలిసింది.
– సిస్టర్ గ్రేసమ్మ


కృష్ణానగర్,
ఆగస్టు చివరి వారం.

అక్కా,

హాలు నిండిపోయింది. నేను వెనక సౌండ్ బల్ల దగ్గర, అరవింద్ పక్కన, మెడలో ఛానల్ కార్డుతో. మా క్రాంతికుమార్ ముందు వరసలో కెమెరాతో. మంజులత వంగపండు రంగు పట్టుచీర కట్టుకుంది. శాలువా కప్పారు. కోడలి గురించి నాలుగు ముక్కలు చెప్పడానికి వరప్రసాద్ మైకు తీసుకున్నాడు. చెప్పడం అయ్యాక కూడా ఇవ్వలేదు, చేతిలోనే ఉంచుకున్నాడు. ఆ మైకు పనిచేస్తూనే ఉంది.

జనం అడిగారు. ఆవిడ సిగ్గుపడింది. ఆయన మావైపు చెయ్యి ఊపాడు. అరవింద్ నొక్కాడు.

"వెళ్తే వెళ్ళండి. తలుపు మాత్రం దగ్గరికేసి వెళ్ళండి."

ఒప్పుకోవాలి, ఆవిడ పెదాలు వెంట్రుకవాసి తేడా రాలేదు. ఊపిరి తీసుకునే చోట రొమ్ము కూడా పైకి లేచింది. నువ్వు పొట్ట మీద చెయ్యి పెట్టి నేర్పిందే. చప్పట్లు మొదలయ్యాయి. ఆవిడ నోరు మూసుకుని తల వంచింది.

"రేపెవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా చెప్పి వెళ్ళండి. అబద్ధాలాడటం నాకు చేతకాదు."

చప్పట్లు ఒక పక్క నుంచి ఆరిపోతూ వచ్చాయి. ఆవిడ మైకు నోటి దగ్గరే ఉంది. నోరు మూసే ఉంది. అందుకోవాలని ఒక్కసారి తెరిచింది, ఏం వస్తుందో తెలియదు కదా, మళ్ళీ మూసింది. నేను కళ్ళార్పలేదు.

అప్పుడు వరప్రసాద్ చెయ్యెత్తి, అలవాటు కొద్దీ, థియేటర్లో అద్దం వెనక నుంచి అరిచినట్టే అరిచాడు.

"ఆపండాపండి. లిప్ పోయింది."

పెదవికీ మాటకీ కుదరనప్పుడు డబ్బింగ్ థియేటర్లో అనే మాట. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే ఎవరూ అనని మాట. ఆయన చేతిలో మైకులోంచి హాలంతా వినపడింది. అన్నాక ఆయనకీ వినపడింది. సభలో సగంమంది ఆ పనిలో బతికేవాళ్ళే. ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

దర్శకుడు కుర్చీలోంచి లేచాడు. "ఎవరి లిప్ పోయిందండీ? ఇది నేను తీసేసిన ముక్క. డబ్బింగ్ చెప్పినవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఈ గొంతు ఎవరిది ప్రసాద్ గారూ?"

ఆయన పెదాలు కదిలాయి.

"ఫిలోమినా" అన్నావు నువ్వు, రెండు పక్కల స్పీకర్లలోంచి.

బట్టల గదిలో నువ్వు ఆ రెండు వాక్యాలు చెప్పి ఊరికే నిలబడిపోతే, అయిపోయిందనుకుని నేను ఆపబోయాను. నా మణికట్టు పట్టుకున్నావు. దుప్పట్ల మధ్య అంతసేపు ఏం వింటున్నావో నాకు అర్థం కాలేదు. ఈ హాలుని వింటున్నావు. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడానికి, ఒకడు లేచి అడగడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు.

మంజులత శాలువా తీసి, మడతపెట్టి, కుర్చీలో పెట్టి దిగిపోయింది. సౌండ్ బల్ల పక్కనుంచే వెళ్ళింది. "ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయివి కదూ" అంది. అవునన్నాను. జాలి వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. రాలేదు.

క్రాంతికుమార్ తీసిన వీడియో ఇప్పుడు ఎవరి ఫోన్‌లో లేదో చెప్పడం కష్టం. ఇక్కడ టీ కొట్ల దగ్గర ఒకరినొకరు "ఏంటి గురూ, లిప్ పోయిందా?" అని పలకరించుకుంటున్నారు. వరప్రసాద్ కారు చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బైకు మీద కుర్రాళ్ళు అదే అరిచారట. ఆయన అద్దాలు ఎక్కించుకున్నాడట. అరవింద్‌కి ఆ సభలవాళ్ళు పని మానిపించారు, ఇద్దరు వేరేవాళ్ళు పిలిచారు. సినిమా మీద పేరు మారుస్తామని దర్శకుడు చెప్పాడు. నిర్మాత రెండో భాగానికి నీ గొంతే కావాలంటున్నాడు. అది తెచ్చి ఇస్తేనే ఉద్యోగమని వరప్రసాద్‌తో అన్నాడట. నీ అడ్రసు నేను ఎవరికీ ఇవ్వలేదు. ఆయనే కనుక్కుంటాడు. గొంతులు వెతకడం ఆయన వృత్తే కదా.

రమ్మని అడగను. చాప మాత్రం దులిపి పెట్టాను.

స్టెఫీ


మఠం,
సెప్టెంబరు 14.

స్టెఫీకి,

రెండో భాగానికి నేను చెప్పడం లేదు. నా పేరు నాకు వచ్చింది. గొంతు ఎవరికివ్వాలో ఇక నేను చూసుకుంటాను. ఈ ఏడాది పూర్తయ్యేదాకా ఇక్కడే ఉంటాను. తర్వాతి సంగతి అప్పుడు.

శనివారం పాపసంకీర్తనకి వెళ్ళి, ఒకరు ఏడుస్తుంటే చూసి సంతోషించానని ఫాదర్‌కి చెప్పాను. పశ్చాత్తాపం ఉందా అని అడిగారు. లేదన్నాను. వచ్చాక రమ్మన్నారు. రెండు వారాలుగా అలాగే తిరిగొస్తున్నాను. సిస్టర్ గ్రేసమ్మ కూడా నా వెనకే వరసలో నిలబడుతున్నారు. ఆవిడ ఏం చెప్తున్నారో తెలియదు, ఆవిడకీ ఆలస్యమవుతోంది.

అంతకుముందే వరప్రసాద్ ఇక్కడికి వచ్చాడు. వెంట నిర్మాతగారి మేనేజరు. చుట్టాల గదిలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టారు. సిస్టర్ గ్రేసమ్మ ఊలు అల్లిక తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు.

"ఏదో జరిగిపోయిందమ్మా" అన్నాడు. "పెద్దవాణ్ణి. నువ్వు థియేటర్‌కి కూడా రానక్కర్లేదు తల్లీ. ఇక్కడే, ఫోన్‌లోనే చెప్పు. సౌండ్ వాళ్ళు సరిచేసుకుంటారు." జేబులోంచి డబ్బా తీశాడు. ఫోన్‌కి గుచ్చుకునే చిన్న మైకు, కొత్తది.

మైకు తీసి ఆయన రెండో గుండీ దగ్గరే పెట్టాను. మేనేజరు ఫోన్ అడిగి గుచ్చాను. గోటితో గీరి చూసుకున్నాను.

"ముందు మీరు చెప్పండి. ఆ సినిమాలో గొంతు ఫిలోమినాది అని."

మేనేజరు వైపు చూశాడు. అతను గోడ మీద ఏసు తిరుహృదయం పటం వైపు చూశాడు. ఆయన చెప్పాడు.

"ఫీల్ లేదు" అన్నాను. "మళ్ళీ."

నీకు తెలియదు కదూ. ఆ తలుపు ముక్కకి పొద్దున్నుంచి నన్ను నిలబెట్టాడు. జ్వరం కూడా ఉంది ఆ రోజు. మంచినీళ్ళు తాగితే గొంతు మారుతుందని తాగనివ్వలేదు. చెప్పిన ప్రతిసారీ అద్దం వెనక నుంచి అదే మాట, ఫీల్ లేదు, మళ్ళీ. నేను నిజంగా ఏడ్చాక కూడా ఇంకోసారి అన్నాడు.

ఆయన మళ్ళీ చెప్పాడు. గడ్డం కిందికి దిగుతోంది, తల ఎత్తమన్నాను. ఫిలోమినా దగ్గర మింగుతున్నారు, మళ్ళీ అన్నాను. సిస్టర్ గారి అల్లిక ఆగిపోయింది. నీళ్ళు అడిగాడు. గొంతు మారుతుందండీ అన్నాను. చెప్తూ చెప్తూ ఆయన కంట్లోంచి నీళ్ళు కారాయి. గొంతు పూడుకుపోయి, ముక్కు బిగిసి, మాట సరిగ్గా కుదిరింది. చాలా బాగా వచ్చింది స్టెఫీ. ఆ పనిలో ఉన్నవాళ్ళెవరైనా అది విని చాలనేవాళ్ళు.

చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, "ఓకేనా ఫిలోమినా?" అని అడిగాడు. నేను చెప్పమనకుండా ఆయన నోట నా పేరు రావడం అదే మొదలు.

మైకు నేనే విప్పాను. వైరు చుట్టి డబ్బాలో పెట్టి ఆయన చేతికిచ్చాను. తోటలో నీళ్ళు పెట్టే వేళయిందని లేచాను.

ఓకే చెప్పలేదు.

ఫిలోమినా